షావుకారి గుండెకి రెండు కొలతలు

"ఆ సంచీ ముట్టుకోకు భరణీ. సెయ్యి తీసీ."

పరమేశ్వరమ్మ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే భరణికి కొంత నయంగా ఉండేది. కోడలు మడిచిన తువ్వాలును విప్పి, దులిపి, మళ్ళీ మడిచి సంచీలో తనే పెట్టుకుంది ఆవిడ. నిన్నటి నుంచి ఆ ఇంట్లో భరణి చేతి మీదుగా ఏదీ కదలడం లేదు. మావగారి కాఫీ గ్లాసు కూడా ఆడపడుచు సింధు చేతి మీదుగానే వెళ్తోంది.

"నేను సర్దడానికి రాలేదత్తయ్యా. ఆపమని అడగడానికి వచ్చాను. ఒక్క పూట ఆగండి. శ్రీకాకుళం పరీక్షకీ విజయనగరం పరీక్షకీ తేడా ఎందుకొచ్చిందో తేలకుండా మావయ్యని టేబుల్ మీద పడుకోబెట్టొద్దు."

"తేలీసరికి మనిషుండాల కదా?"

"అత్తయ్యా!"

"ఏటత్తయ్య? మా బావగారు కొట్లో కూకున్నోరు కూకున్నట్టే ఒరిగిపోనారు. అప్పుడూ ఇలాగే గ్యాసు గ్యాసు అన్నారు. రేపు సూద్దాం, ఎల్లుండి సూద్దాం అన్నారు. ఆ ఎల్లుండి రానేలేదు."

చింతపండు తూస్తూ తూస్తూ పెద్దాయన తక్కెడ మీదకి వాలిపోవడం పాతపట్నం బజారంతా చూసింది. ఆ రోజు నుంచి ఆయన తమ్ముడు, తన భర్త కాశీవిశ్వనాథం తుమ్మినా పరమేశ్వరమ్మ గుండె మీద చెయ్యి వేసి చూస్తుంది.

భోజనాలయ్యాక కారు వస్తుంది. విజయనగరంలో కొత్తగా పెట్టిన గుండె ఆసుపత్రిలో ఈ రాత్రికి చేర్చుకుంటారు. రేపు పొద్దున్న మణికట్టు దగ్గర్నుంచి గుండెలోకి తీగ పంపి చూస్తారు. ఇరుకు కనిపిస్తే అప్పటికప్పుడే స్టెంటు వేసేస్తారు. దానికి ముందుగానే సంతకం పెట్టాల్సింది కొడుకు నగరేశ్.

సింధు రెండు రిపోర్టుల కవర్లు పట్టుకుని గదిలోకి వచ్చింది. పుట్టింటికి వచ్చి మూడో రోజు. విజయనగరం కోడలు. తల్లిని వెంటబెట్టుకుని తండ్రిని అక్కడి ఆసుపత్రికి తీసుకెళ్ళిందీ, ఇప్పుడు మళ్ళీ తీసుకెళ్ళబోయేదీ ఈవిడే.

"వదినా, ఒక మాట సూటిగా అడుగుతాను. సూటిగానే సెప్పు."

"అడుగు."

"మీ డాక్టరమ్మకి జబ్బు లేని మనుషులు కావాలి. అలాంటివాళ్ళు దొరకడం కష్టమని దీపావళికి వచ్చినప్పుడు నువ్వే అన్నావు. నాన్న దొరికారు. అంతేనా?"

"దొరకడమేమిటి సింధూ?"

"అదే. లోపల సన్నంగా ఉన్నా, మామూలే అని రాసీసి మీ లెక్కలో కలిపీసుకున్నారు. మీకొక మనిషి పెరిగాడు."

శ్రీకాకుళంలో భరణి పనిచేసే ఆసుపత్రిలో, గుండె జబ్బు లేని మన జిల్లాల మనుషుల రక్తనాళాలు మామూలుగా ఎంత లావుంటాయో కొలిచే పరిశోధన నడుస్తోంది. నడిపేది డాక్టర్ అనూరాధ. నొప్పని వచ్చి స్కాన్ తీయించుకుని, ఏ అడ్డూ లేదని తేలినవాళ్ళకి విషయం చెప్పి, ఒప్పించి, వాళ్ళ పొడవూ బరువూ రాసుకునే ఉద్యోగం భరణిది. గుండెలో నొప్పని వచ్చిన ఆమె మావగారు కూడా వాళ్ళలో ఒకరు. ఇంట్లోవాళ్ళందరూ సరేనన్నాకే ఆయన పేరు చేర్చింది. అప్పుడు పరమేశ్వరమ్మ కోడలి ఉద్యోగం గురించి నలుగురికీ చెప్పుకుని మురిసిపోయింది.

"సన్నంగా ఉండటం వేరు, సన్నబడటం వేరు సింధూ. మావయ్య చిన్న మనిషి. ఆయన ఒంటికి ఆ లావు సరిపోతుంది. భావనపాడు నుంచి జోగయ్య అని ఒకాయన వచ్చాడు. వలలు లాగిన ఒళ్ళు, గుమ్మం దగ్గర తల వంచుకుని రావాలి. ఆయన రక్తనాళం మావయ్యదానికంటే లావే. జోగయ్య అంగీ మావయ్యకి వేస్తే వేళ్ళాడుతుంది. అంతమాత్రాన మావయ్య చిక్కిపోయారంటామా? ఎక్కడో పొడుగాటి మనుషుల్ని కొలిచి రాసిన కొలతల పట్టీ పక్కన పెడితే మనవాళ్ళు చాలామంది ఇరుకు గుండెలవాళ్ళే అవుతారు. అందుకే మనవాళ్ళని మనం కొలుస్తున్నాం."

"సేపలోళ్ళ గుండెతోటి మా గుండెకి వంతేటి?" అంది పరమేశ్వరమ్మ.

"గుండెకి కులమేమిటత్తయ్యా?"

"సరే, లేదు. అంగీ మాట బాగానే సెప్పినావు. నాకు సదువు లేదు గానీ ఒకటి సెప్పు. మనిషొకడే. అంగీ ఒకటే. శ్రీకాకుళంలో సరిపోయినాది. నెల తిరక్కుండా విజీనగరంలో వదులైపోయినాదేటి?"



అడగాల్సిన ప్రశ్న అదే. నిన్న సింధు విజయనగరం రిపోర్టు మొహాన పడేసిన దగ్గర్నుంచి భరణి తనలో తాను అడుగుతున్నదీ అదే. కొలతల పట్టీ మారితే పేరు మారొచ్చు. మామూలు అన్నదాన్ని ఇంకొకరు ఇరుకు అనొచ్చు. కానీ ఇక్కడ కొలతే మారింది. అదే మనిషి, అదే రక్తనాళం, అదే చోటు. శ్రీకాకుళంలో తీసిన కొలత కంటే విజయనగరంలో తీసిన కొలత స్పష్టంగా తక్కువ. ఎక్కడో ఎవరో తప్పు చేశారు, లేదా అబద్ధమాడారు.

"పలకదు సూడు," అంది పరమేశ్వరమ్మ కూతురి వైపు తిరిగి. "అందరికీ శకునం సెప్పిన బల్లి కుడితిలో పడినట్టున్నాది."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కింద కొట్లోంచి నగరేశ్ పైకొచ్చాడు. తల్లిని చూశాడు, చెల్లెలిని చూశాడు, భార్యని చూడబోయి గోడ వైపు చూశాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నగరేశ్ పుట్టినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఎవరికీ కోపం తెప్పించకుండా పెరిగినవాడు.

"కారువాడు ఫోన్ చేశాడు. బయల్దేరాడంట."

"ఏవండీ, ఒక్క నిమిషం ఇలా రండి," అంది భరణి.

వరండాలోకి వచ్చాడు. బస్టాండు వైపు పర్లాకిమిడి బస్సు హారన్ కొడుతోంది.

"మీరూ నమ్మడం లేదా?"

"నమ్మకం సంగతి కాదు భరణీ. సంతకం పెట్టేది నేను. పెట్టి వేయించాక అక్కర్లేదంటే, నాన్న గుండెలో లేనిపోని ఇనుము పెట్టించినవాణ్ణవుతాను. పెట్టకుండా ఆపాక ఏదైనా అయితే, ఇంక అమ్మ మొహం చూడగలనా? నువ్వొక్క మాట చెప్పు. నాన్నకేం కాదని నువ్వు పూచీ పడతావా?"

పూచీ! గుండెకి ఎవరైనా పూచీ పడతారా? డాక్టర్ అనూరాధే పడదు. భరణి అదే చెప్పబోయింది. కానీ ఆ ఇంట్లో ఇప్పుడు 'పడలేను' అన్న మాటకి ఒక్కటే అర్థం వస్తుందని ఆమెకి తెలుసు.

"తేడా ఎందుకొచ్చిందో కనుక్కుంటాను. అప్పటిదాకా సంతకం పెట్టకండి."

"కారు వచ్చేలోపు కనుక్కో," అన్నాడు నగరేశ్. మంచివాడే, కానీ మంచితనం కూడా గడువు పెట్టి ఇస్తాడు.

కొట్టు వెనక గోదాములో చింతపండు బస్తాల మధ్య నిలబడి భరణి డాక్టర్ అనూరాధకి ఫోన్ చేసింది. పైకి వినిపించని చోటు ఆ ఇంట్లో అదొక్కటే.

అంతా విన్నాక డాక్టరమ్మ ఒక్కటే అడిగింది.

"స్కాన్‌కి ముందు నాలుక కింద బిళ్ళ ఇచ్చారా?"

భరణికీ మొదట తట్టింది అదే. ఆ బిళ్ళ నాలుక కింద కరిగితే గుండె రక్తనాళాలు వదులై, పూర్తిగా విచ్చుకుంటాయి. అప్పుడు కొలిస్తేనే అసలు లావు తెలుస్తుంది. బిళ్ళ లేకుండా కొలిస్తే బిగుసుకున్న నాళాన్ని కొలిచినట్టే.

"ఇచ్చినట్టు రిపోర్టులో ఉంది మేడమ్."



"అయితే అంత తేడా రాకూడదే..." అని ఆగింది ఆవిడ. "భరణీ, ఒక పని చెయ్యి. ఇది తేలేవరకూ మీ మావగారిని మన పరిశోధనలోంచి పక్కన పెడదాం."

"ఎందుకు మేడమ్? మన కొలత మీద మీకే అనుమానమా?"

"అనుమానమని కాదు. ఇంట్లోవాళ్ళని కలుపుకోకుండా ఉండాల్సింది. నాకు రౌండ్స్ టైమైంది, సాయంత్రం మాట్లాడదాం."

ఫోన్ పెట్టేసింది.

భరణి చింతపండు బస్తా మీద కూర్చుండిపోయింది. పక్కన పెడదామా? తప్పు లేకపోతే పక్కన పెట్టడమెందుకు? రెండేళ్ళుగా ఆవిడ వెనక నీడలా తిరిగింది. మనిషి నిప్పు అనుకుంది. జబ్బు లేనివాళ్ళు తక్కువగా దొరుకుతున్నారని ఆవిడ విసుక్కోవడం కూడా విన్నది. సింధు అన్నట్టే జరిగిందా? ఛ, అని తల విదిల్చుకుంది. కానీ అనుమానం అక్కడ ఆగలేదు. సింధు వైపు తిరిగింది. సింధు మరిది ఆ విజయనగరం ఆసుపత్రిలోనే పేషెంట్లని తెచ్చే ఉద్యోగంలో ఉన్నాడు. బిళ్ళ ఇవ్వకుండానే ఇచ్చామని రాసి ఉంటే? అన్నీ తెలిసే సింధు తండ్రిని అక్కడికి తీసుకెళ్ళి ఉంటే? ఆడపడుచు గురించి అంత మాట అనుకున్నందుకు సిగ్గేసింది. అయినా ఆ అనుమానం పోలేదు.

నిజం చెప్పగలిగిన మనిషి ఇంకొకరున్నారు. ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఇంటిల్లిపాదీ ఆయన గుండె గురించి కొట్టుకుంటున్నారే కానీ, ఆ గుండె గలాయన్ని ఎవరూ పలకరించలేదు.

కాశీవిశ్వనాథం కొట్లో గద్దె మీద కూర్చుని, కొండచీపుర్ల కట్టలు విడదీస్తున్నాడు. కిందికి దిగొద్దని భార్య ఒట్టు పెట్టింది. ఆవిడ సంచీ సర్దుకుంటున్న సమయం చూసుకుని దిగాడు.

"మావయ్యా."

"రా అమ్మా. పైన యుద్ధం అయిపోనాదా, ఇంకా ఉన్నాదా?"

"ఒక్కటి అడుగుతాను. విజయనగరంలో మిషన్లోకి పంపే ముందు నాలుక కింద బిళ్ళ పెట్టారా?"

చీపురు కట్ట విప్పుతున్న వేళ్ళు ఆగాయి.

"పెట్టినారు."

"కరిగేదాకా ఉంచుకున్నారా?"

ఆయన మెట్ల వైపు చూశాడు. తర్వాత వీధి వైపు చూశాడు. కొట్లో ఎవరూ లేరు.

"ఆ రోజు ఏకాదశి," అన్నాడు.

భరణికి వెంటనే అందలేదు.

"పరగడుపున రమ్మన్నారు. ఎలాగూ కడుపు మాడ్సుకోవాల. ఆ మాడ్సుకునేదేదో ఏకాదశి నాడైతే రెండు పనులూ ఒక ఉపవాసంతోటి అయిపోతాయి కదా అనీసి నేనే ఆ రోజు కావాలన్నాను."

భరణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆకలిని కూడా దుబారా చెయ్యని మనిషి. పోయిన బావగారి దారిన భర్త పోకూడదని, ఆయన చేత పన్నెండు ఏకాదశులు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టించకుండా ఉపవాసం చేయిస్తానని పరమేశ్వరమ్మ సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంది. ఆ మొక్కు సంగతి ఆ ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.

"మరి ఆ బిళ్ళ?"

"ఆ పిల్ల నాలుక కింద పెట్టి అటు తిరిగినాది. నేను ఇటు తిరిగి కండువాలో ఉమ్మీసినాను. కరగనివ్వలేదు."

"అయ్యో మావయ్యా! వాళ్ళడగలేదా?"

"అడిగినారు. అయ్యిందన్నాను. అబద్ధం కాదు కదా? నా వరకూ అయిపోనాది."

"శ్రీకాకుళం రిపోర్టు వాళ్ళకి చూపించారా? అది చూసుంటే వాళ్ళకే అనుమానం వచ్చేది."

కాశీవిశ్వనాథం కోడలి వైపు జాలిగా చూశాడు. "అదెలాగ సూపిస్తామమ్మా? ఒక కొట్లో సెప్పిన ధర ఇంకో కొట్లో సెప్పీస్తే, వాడింక సరైన ధర సెప్తాడేటి?"

ముప్పై ఏళ్ళుగా ధాన్యం, పసుపు, బంగారం అలాగే కొన్నాడు. గుండెని కూడా అలాగే బేరమాడి వచ్చాడు.

భరణి కొట్లో పీట మీద కూలబడి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. రెండు రోజుల బిగువంతా ఒక్కసారి సడలింది. డాక్టరమ్మ తప్పు చెయ్యలేదు. సింధు మోసం చెయ్యలేదు. ఎవరూ అబద్ధం రాయలేదు. బిళ్ళ ఇచ్చామని వాళ్ళు రాసింది నిజమే. అంతలో ఆమెకి ఇంకో సంగతి గుర్తొచ్చి నవ్వు ఆగింది.

"మా దగ్గర తీసిన రోజు కూడా..."

"అదీ ఏకాదశే."

"మరి ఆ రోజు?"

"ఆ రోజు నువ్వు పక్కనున్నావు. నర్సమ్మ సేతిలో బిళ్ళ నువ్వు తీసుకుని, నోరు తెరవండి మావయ్యా అన్నావు. కోడలు పెట్టినదాన్ని ఎలాగ ఉమ్మీను?"

భరణి తల దించుకుంది.

"ఇవన్నీ పైకొచ్చి చెప్పండి మావయ్యా. చెప్తే ప్రయాణం ఆగిపోతుంది. మళ్ళీ ఒకసారి సరిగ్గా తీయించుకుంటే సరి."

"వద్దమ్మా. ఎల్లనీ. ఒకపాలి లోపల సూసీస్తే మీ అత్త మనసు కుదుటపడతాది."

"మీ మనసో?"

కాశీవిశ్వనాథం చీపురు పుల్ల ఒకటి విరిచి మడమలోని మట్టి గీక్కున్నాడు.

"నిజం సెప్పనా? పొరుగింటి పుల్లకూర అంతారు కదా, అలాగున్నాది నా బుద్ధి. నువ్వు ఇంట్లో మనిషివి. ఇంట్లో మనిషి నీ గుండె బాగున్నాదంటే నమ్మబుద్ధి కాదు. నన్ను భయపెట్టకుండా సెప్తన్నావేమో అనిపిస్తాది. అదే నువ్వు బాగులేదని సెప్పుంటే, ఆ రోజే నమ్మీసుందును."

ఆ మాట భరణిని సూటిగా తాకింది. సింధు అన్నమాటలకంటే ఇది ఎక్కువ బాధించింది, ఎందుకంటే ఇందులో ద్వేషం లేదు.

"నా కోసం చెప్పండి మావయ్యా," అంది. "మీ గుండె కోసం కాదు. నేను ఈ ఇంట్లో మళ్ళీ ఒక కాఫీ గ్లాసు అందుకోవాలి."

ఆయన లేచి కండువా దులుపుకున్నాడు.

"విజీనగరంలోది సెప్పు. శ్రీకాకుళంలోది సెప్పకు. అది మీ అత్త తట్టుకోలేదు."

పైన అందరూ భోజనాల దగ్గరే ఉన్నారు. భరణి నిలబడే చెప్పింది. బిళ్ళ ఎందుకిస్తారో, కరగకపోతే ఏమవుతుందో, విజయనగరంలో ఏమైందో అంతా చెప్పింది. మావగారు పీట మీద కూర్చుని, వింటున్నదీ లేనిదీ తెలియకుండా విస్తరి అంచు మడుస్తున్నాడు.

"నిజమేనా నాన్నా?" అన్నాడు నగరేశ్.

"నిజమేరా. ఉమ్మీసినాను."

సింధు నవ్వింది. "బాగుంది. పొద్దున్నంతా జవాబు లేదు. కిందికెళ్ళి వచ్చీసరికి జవాబు దొరికింది. నాన్న చేత నువ్వే చెప్పిస్తన్నావు కదా వదినా?"

"నేనెందుకు చెప్పిస్తాను?"

"నీ డాక్టరమ్మ మాట నిలబడాలని."

"సింధూ, మావయ్య నోటితో చెప్పారు, విన్నావుగా!"

"నాన్న నువ్వు ఏది చెప్పమంటే అది చెప్తారు. మాకు తెలీదా?"

పరమేశ్వరమ్మ ఈ గొడవలో లేదు. వడ్డిస్తున్న గరిటె చేతిలోనే ఉంది. ఆవిడ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటోంది. తిథులు ఆవిడకి పంచాంగం అక్కర్లేకుండా వస్తాయి.

"విజీనగరం ఎల్లింది ఏకాదశి నాడు," అంది నెమ్మదిగా. "శ్రీకాకుళం ఎల్లిందీ ఏకాదశి నాడే. దాని ముందు ఏకాదశి."

ఆవిడ కోడలి వైపు తిరిగింది.

"అక్కడా బిళ్ళ ఇచ్చుంటారు కదా? అక్కడ ఉమ్మనేదేటి? ఉమ్మితే అక్కడా సన్నంగానే కనపడాల కదా?"

భరణి మావగారి వైపు చూసింది. ఆయన విస్తరి వైపు చూస్తున్నాడు.

"అక్కడెవరున్నారు పక్కన?" అని పరమేశ్వరమ్మ తానే జవాబు చెప్పుకుంది. "నువ్వున్నావు."

"నేనే నోట్లో పెట్టానత్తయ్యా. అది మందు. మందుకి దోషం లేదంటారు."

"మొక్కు నాది. దోషం ఉన్నాదో లేదో నువ్వు సెప్పకు." గరిటె గిన్నెలో వేసేసింది ఆవిడ. "అదా సంగతి. మొక్కు సెడినాది, నరం సన్నబడినాది. నెల తిరక్కుండా ఎందుకు సన్నబడినాదో ఇప్పుడు తెలిసినాది."

"అలా కాదత్తయ్యా..."

"నువ్వూరుకో!"

ఆ అరుపుకి సింధు కూడా అదిరిపడింది. నిజం బయటపడితే తను గెలుస్తానని భరణి అనుకుంది. బయటపడిన నిజమే ఇప్పుడు ఆమెని దోషిని చేసి నిలబెట్టింది.

నగరేశ్ లేచాడు. తల్లికీ భార్యకీ మధ్య నిలబడ్డాడు. ఈసారి గోడ వైపు చూడలేదు.

"అమ్మా, ఆగు. భరణీ, ఆ రోజు ఏకాదశని నీకు తెలీదు కదా?"

అడిగిన తీరులోనే జవాబు ఉంది. తెలియదను చాలు, అంటున్నాయి అతని కళ్ళు. తెలియక చేసినదానికి అత్తయ్య నాలుగు మాటలంటుంది, ఏడుస్తుంది, అప్పన్నకి ముడుపు కడుతుంది. కోడలి మాట నిలబడుతుంది. కారు ఖాళీగా వెనక్కి పోతుంది. మావయ్య మణికట్టు మీద సూది పడదు. ఒక్క చిన్న మాట చాలు. తెలుసంటే మాత్రం ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కానీ ఆ రోజు తెల్లవారుజామున ఉపవాసం కదా అని మావగారికి కాఫీ కలపకుండా ఆపింది తనే. ఆ బిళ్ళ లేకపోతే కొలత తప్పవుతుందనీ తెలుసు. రెండూ తెలిసే, ఒకటి ఎంచుకుంది. ఉన్న కొలతే రాయాలని రెండేళ్ళుగా నలుగురికీ చెప్తున్న నోటితో ఇప్పుడు లేని మాట ఎలా అంటుంది?

"తెలుసండీ," అంది భరణి.

నగరేశ్ మొహం వాడిపోయింది. పరమేశ్వరమ్మ చెంగుతో కళ్ళు ఒత్తుకుని సంచీ కోసం లోపలికి నడిచింది.

"నాకూ తెలుసే," అన్నాడు కాశీవిశ్వనాథం.

ఆవిడ ఆగింది.

"ఏకాదశని నాకు తెలీదేటి? దాన్ని అంతావేటి? తెలిసే నోరు తెరిసినాను. అది మందని సెప్పినాది. దాని మొహం సూసి, తీసుకున్నాను. మొక్కు సెడితే సెడగొట్టింది నేను."

"మరి విజీనగరంలో ఎందుకు ఉమ్మీసినారు? అక్కడది మందు కాదేటి?"

"అక్కడ తలుపవతల నువ్వున్నావు కదే."

సింధు తల దించుకుంది. నగరేశ్‌కి నవ్వొచ్చి ఆపుకున్నాడు. ఇక అయిపోయింది, ప్రయాణం లేదు, అనుకుంది భరణి. గుండె మీంచి బస్తా దించినట్టయింది.

పరమేశ్వరమ్మ మాత్రం భర్తనే చూస్తోంది. కోపం లేదు ఆ చూపులో. కొన్న సరుకుని ఇంటికొచ్చాక రెండోసారి తూచే చూపు అది.

"నేనంటే అంత భయమేటి మీకు?" అంది చిన్న గొంతుతో. "ఆ నర్సమ్మ ఎదుట మింగినట్టు మింగి, అటు తిరిగీసరికి ఉమ్మీసీటంతా?"

ఆయన మళ్ళీ విస్తరి అంచు మడవసాగాడు.

"మరి రోజూ పొద్దున్న నా సేత్తో ఇస్తన్న బీపీ బిళ్ళలో?"

విస్తరి అంచు మడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. కింద కారు హారన్ మోగింది. ఒకసారి ఆగి, మళ్ళీ మోగింది. ఎవరూ వరండాలోకి వెళ్ళలేదు.

"నాన్నా," అన్నాడు నగరేశ్. "వేసుకుంటున్నారా, లేదా?"

కాశీవిశ్వనాథం కొడుకుని చూడలేదు, భార్యని చూడలేదు. తలెత్తి కోడలి వైపు చూశాడు. ఇందాక కొట్లో అడిగినట్టే అడుగుతున్నాయి ఆ కళ్ళు, ఈ ఒక్కటీ దాటించు అని. ఆయనకి మొదట నొప్పి ఎందుకొచ్చిందో, ఆ బీపీ బిళ్ళలు మింగకే వచ్చిందేమో, ఇంతవరకూ ఎవరూ అడగలేదని భరణికి అప్పుడు తోచింది.

ఈసారి ఆమె ఆయన తరఫున మాట్లాడలేదు; మీరే చెప్పండి అన్నట్టు ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది.